బల్ల మీద నాదశాల

సింథసైజర్‌ను వాద్యాల జాబితాలో చేర్చబోతే ఒక చిక్కు ఎదురవుతుంది. బొబ్బిలి వీణకు పనసకర్రను తొలిచి చేసిన కుండ ఉంది, మృదంగానికి చర్మం ఉంది, వేణువుకు వెదురు గొట్టం ఉంది. ఆ వస్తువు ఏ పదార్థంతో, ఏ కొలతలతో తయారైందో దాన్ని బట్టే దాని నాదం స్థిరపడుతుంది కనుక, వాయించేవారు ఎంత విద్వాంసులైనా వీణ చేత వేణువులా పలికించలేరు. సింథసైజర్‌కు అటువంటి ఒళ్లు లేదు. దాని లోపల కంపించేది విద్యుత్తు మాత్రమే, ఆ కంపనం స్పీకరు దాకా వెళ్లి గాలిని కదిలించేంతవరకు శబ్దమన్నదే పుట్టదు. అందువల్ల దాన్ని ముందు పెట్టుకుని కూర్చున్న మనిషి ఏదైనా వాయించడానికి ముందు, తాను వాయించబోయే వాద్యం ఎలా పలకాలో నిర్ణయించి, దాన్ని తానే తయారుచేసుకోవలసి వస్తుంది. వైణికుడి పని, వీణ చేసే వడ్రంగి పని ఒకే చేతిలోకి వచ్చిన ఈ అరుదైన ఏర్పాటు వల్లనే, ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రిపూట ఓ గంటో రెండు గంటలో తీరిక దొరికే ఎందరినో ఎలక్ట్రానిక్ సంగీతం పట్టుకుంది. పైగా ఇది పెద్ద స్టూడియోల నుంచి చిన్న ఇళ్లలోకి దిగివచ్చిన విద్య అనే సాధారణ అభిప్రాయం సగమే నిజం. ఈ వాద్యం పుట్టిందే ఒక అభిరుచి గల కుర్రవాడి పని బల్ల మీద.

ఆ చరిత్రకు ముందు యంత్రం లోపలి వ్యవహారం కొంత తెలియాలి. నాదానికి మూలం ఆసిలేటర్, అంటే విద్యుత్తును క్రమంగా పైకీ కిందికీ ఊగించే డోలకం. అది సెకనుకు 110 సార్లు ఊగితే ఒక మంద్రస్వరం, 220 సార్లు ఊగితే దానికి సరిగ్గా పై స్థాయిలోని అదే స్వరం వినిపిస్తాయి. ఊగే వేగం స్వరాన్ని నిర్ణయిస్తే, ఊగే తీరు నాదగుణాన్ని నిర్ణయిస్తుంది. రంపపు పళ్లలా నెమ్మదిగా ఎక్కి ఒక్కసారిగా కిందికి పడే తరంగంలో మూలస్వరంతో పాటు దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలుగా ఉండే అనుస్వరాలన్నీ ఉంటాయి కాబట్టి అది గరుకుగా, నిండుగా ధ్వనిస్తుంది. చదరపు తరంగంలో బేసి అనుస్వరాలు మాత్రమే ఉండటం వల్ల అది కొంత బోలుగా వినిపిస్తుంది. ఈ ముడి నాదాన్ని తరువాత ఫిల్టర్ అనే వడపోతలోకి పంపి, ఒక హద్దు పైనున్న అనుస్వరాలను తగ్గిస్తారు. ఆ హద్దును మార్చే నాబ్‌ను తిప్పినప్పుడు నోరు మూసి తెరిచినట్లు 'ఊ' నుంచి 'ఆ' దాకా నాదం విచ్చుకుంటుంది. హద్దు దగ్గరి అనుస్వరాలను మాత్రం ప్రత్యేకంగా పెంచే రెజొనెన్స్ అనే మరో నాబ్‌ను కూడా పెంచితే ఆ నాదం ఈల వేసినట్లు పదునెక్కుతుంది. ముందు అన్నీ ఉన్న నాదాన్ని తీసుకుని, అక్కరలేనిది చెక్కివేసే ఈ పద్ధతి శిల్పి పనికి దగ్గరగా ఉంటుంది.

మూడవది ఎన్వలప్. ఒక స్వరం పుట్టి పోయే లోపు దాని బలం ఎలా మారుతుందో నిర్ణయించే భాగమిది. మృదంగం మీద దెబ్బ పడగానే నాదం తటాలున లేచి, అంతే త్వరగా అణగిపోతుంది. నాదస్వరంలో ఊపిరి ఉన్నంతసేపూ నిలబడి, ఊపిరి ఆగగానే ఆగుతుంది. నాదం లేవడానికి పట్టే కాలం, లేచిన తరువాత కొంత దిగడానికి పట్టే కాలం, మీట నొక్కి ఉంచినంతసేపు నిలబడే మట్టం, మీట వదిలాక అణగడానికి పట్టే కాలం అనే నాలుగు నాబ్‌లతో ఈ తేడాలన్నింటినీ చూపించవచ్చు. ఈ నాలుగింటిలో మూడు కాలాలు, ఒకటి మట్టం అన్న సంగతి చాలామంది కొత్తవారికి ఆలస్యంగా తడుతుంది, అప్పటిదాకా ఆ మూడవ నాబ్ వారిని విసిగిస్తూనే ఉంటుంది. వీటికి తోడు, చెవికి స్వరంగా వినిపించనంత నెమ్మదిగా ఊగే మరొక డోలకం ఉంటుంది. దాన్ని స్వరానికి తగిలిస్తే కంపితం వంటి ఊపు, ఫిల్టర్‌కు తగిలిస్తే అలలు వచ్చిపోతున్నట్లుండే చలనం వస్తాయి. సింథసైజర్లలో ఎన్ని రకాలున్నా అధికభాగం ఈ నాలుగైదు భాగాల పొందికలే.

ఈ పొందికను మొదట అమ్మకానికి వీలైన రూపంలో నిలబెట్టినవారిలో ముఖ్యుడు రాబర్ట్ మూగ్. 1934లో న్యూయార్కులో పుట్టిన మూగ్, రేడియో అభిరుచి గలవారి కోసం వెలువడే పత్రికలు చూసి చిన్నతనంలోనే తండ్రితో కలిసి థెరమిన్లు కట్టడం మొదలుపెట్టాడు. థెరమిన్ అంటే 1920 ప్రాంతంలో రష్యన్ శాస్త్రవేత్త లెవ్ తెర్మెన్ రూపొందించిన, చేతితో ముట్టుకోకుండానే పలికే వాద్యం. రెండు యాంటెన్నాల దగ్గర గాలిలో చేతులు కదిలిస్తే ఒకటి స్వరాన్ని, మరొకటి బలాన్ని మారుస్తాయి. 19 ఏళ్ల వయసులో, 1954 జనవరిలో, ఆ థెరమిన్ నిర్మాణం గురించి మూగ్ ఒక అమెరికన్ పత్రికకు వ్యాసం రాశాడు. 1961లో ట్రాన్సిస్టర్లతో చేసిన థెరమిన్ మీద మరొక వ్యాసం రాసి, దాని విడిభాగాలను పొట్లం కట్టి తపాలాలో అమ్మాడు. ఆ పొట్లాలు కొని ఇంట్లో బిగించుకున్నవారిలో హెర్బర్ట్ డాయిచ్ అనే సంగీత ఉపాధ్యాయుడు ఒకడు. వారిద్దరి పరిచయం పెరిగి, 1964లో సంగీతకారుడి కోరికలూ ఇంజనీరు జవాబులూ కలిసి మూగ్ సింథసైజర్ తొలి రూపం తయారైంది. విడిభాగాల పొట్లాలు అమ్మిన వ్యాపారి, ఆ పొట్లం కొన్న ఖాతాదారు ఒక బల్లకు చెరోవైపున కూర్చుంటే పుట్టిన వాద్యమిది అని చెప్పుకోవడంలో అతిశయోక్తి లేదు.

మూగ్ చేసిన పనిలో అసలు కీలకం ఒక చిన్న ఒప్పందం. డోలకానికి ఇచ్చే ఓల్టేజి ఒక ఓల్టు పెరిగినప్పుడల్లా స్వరం సరిగ్గా ఒక స్థాయి పైకి వెళ్లాలి. స్థాయిలో పన్నెండు స్వరస్థానాలు కాబట్టి ఒక్కో మెట్టుకు ఓల్టులో పన్నెండో వంతు, అంటే సుమారు 83 మిల్లీఓల్టులు చాలు. స్వరం ఓల్టేజిగా మారిన మరుక్షణం, ఓల్టేజిని పుట్టించగల ప్రతి వస్తువూ వాయించే చేయి కాగలదు. మీటలున్న కీబోర్డు అందులో ఒకటి మాత్రమే. మరొక నెమ్మదైన డోలకం కావచ్చు, వేలితో నొక్కే రేకు కావచ్చు, ముందుగా అమర్చిపెట్టిన నాబ్‌ల వరుస కావచ్చు. దాదాపు అదే కాలంలో శాన్‌ఫ్రాన్సిస్కోలో మోర్టన్ సబోట్నిక్, రామోన్ సెండర్ అనే స్వరకర్తలు అడగగా డాన్ బుక్లా తాను తయారుచేసిన యంత్రంలో పియానో మీటలను కావాలనే పక్కన పెట్టి, తాకితే పలికే రేకులనూ నాబ్‌ల వరుసనూ అమర్చాడు. తెల్ల మీటలూ నల్ల మీటలూ కళ్లెదుట ఉంటే చేతులు పాత పాటల వైపే వెళ్తాయన్నది ఆ శిబిరం వాదన. వ్యాపారంలో మూగ్ మీటలు గెలిచాయి, కానీ ఇంటి బల్లల మీద ఈనాడు కనిపించే యంత్రాల్లో సగం బుక్లా వాదనకే సాక్ష్యం చెబుతాయి.

ఈ యంత్రాలు భారతదేశానికి ఊహించినంత ఆలస్యంగా రాలేదు. 1969లో అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ ఒక మూగ్ యంత్రంతో స్టూడియో నెలకొల్పాడు, గీతా సారాభాయ్, అతుల్ దేశాయ్, జిన్‌రాజ్ జోషీపురా తదితరులు అందులో ప్రయోగాలు చేశారు. 1972 తరువాత ఆ పని మరుగున పడి, టేపుల్లోనే మిగిలిపోయి, 2023లో గానీ సంకలనంగా బయటికి రాలేదు.

నాబ్‌ల వరుస అని పైన చెప్పినదే సీక్వెన్సర్. పేరు కొత్తగా ఉన్నా ఆలోచన తాళం తెలిసినవారికి పాతదే. ఒక వరుసలో ఎనిమిదో పదహారో గళ్లు ఉంటాయి, ఒక్కో గడిలో ఏ స్వరం పలకాలో లేదా మౌనంగా ఉండాలో ముందే అమర్చిపెడతారు, గడియారం లాంటి ఒక నాడి ఆ గళ్ల మీదుగా ఒకే వేగంతో నడుస్తూ చివరికి చేరగానే మళ్లీ మొదటికి వస్తుంది. నిమిషానికి 120 దెబ్బల వేగంలో, ఒక్కో దెబ్బను నాలుగు గళ్లుగా విభజిస్తే, పదహారు గళ్ల వరుస ఒకసారి తిరగడానికి సరిగ్గా రెండు సెకన్లు పడుతుంది. ఆది తాళంలోని ఎనిమిది అక్షరాలకు ఒక్కో అక్షరానికి రెండేసి గళ్ల చొప్పున లెక్కవేసుకుంటే అదే పదహారు గళ్లలో ఒక ఆవర్తనం పూర్తవుతుంది. పాశ్చాత్య సంగీతం కోసం చేసిన పెట్టె ఇంత సులువుగా ఆది తాళంలో ఒదగడం యాదృచ్ఛికమే, కానీ ఆ తరువాతి మెట్టు మరింత ఆసక్తికరం. చాలా సీక్వెన్సర్లలో ఒక్కో వరుస పొడవును విడిగా కుదించుకోవచ్చు. డప్పు మోతను పదహారు గళ్లలో ఉంచి, మంద్రస్వరాల వరుసను ఏడు గళ్లకు కుదిస్తే, ఆ రెండూ ఒకదాని మీద ఒకటి జారుతూ వెళ్లి 112 గళ్ల తరువాత గానీ మళ్లీ ఒకేచోట మొదలవవు. అప్పటిదాకా వినేవారికి ప్రతి చుట్టూ కొత్తగానే ఉంటుంది. మిశ్రచాపులోనూ చతురశ్రంలోనూ ఇద్దరు లయ విద్వాంసులు ఒకేసారి నడిచి ఎక్కడ కలుస్తారా అని సభను ఉత్కంఠలో పెట్టే సందర్భాన్ని ఎరిగినవారికి ఇది వివరించనక్కరలేదు.

ఈ సందర్భంలోనే ఒక గణిత విశేషం చెప్పుకోవాలి. ఎనిమిది గళ్లలో మూడు దెబ్బలను వీలైనంత సమంగా పరచాలంటే మూడు, మూడు, రెండు అని పడతాయి. ఇది క్యూబా సంగీతంలో అడుగడుగునా వినిపించే లయ. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన గాడ్‌ఫ్రీడ్ తూసాన్ 2005లో, న్యూట్రాన్లను పుట్టించే యంత్రంలో విద్యుత్ నాడులను సమంగా పంచడానికి వాడే లెక్కకూ, యూక్లిడ్ కాలం నాటి గసాభా పద్ధతికీ, ప్రపంచంలోని అనేక సంప్రదాయ లయలకూ ఉన్న సారూప్యాన్ని చూపించాడు. అప్పటినుంచి 'యూక్లిడియన్' అనే పేరుతో ఈ లెక్కను ఎన్నో సీక్వెన్సర్లలో పెట్టారు. గళ్లెన్ని, దెబ్బలెన్ని అని రెండు నాబ్‌లు తిప్పితే మిగతా పంపకం యంత్రమే చేస్తుంది. ఐదు గళ్లలో రెండు దెబ్బలు పెడితే రెండు, మూడు అని 'తక తకిట' అనే ఖండచాపు వస్తుంది. ఏడు గళ్లలో మూడు పెడితే రెండు, రెండు, మూడు అని పడతాయి, వాటి ప్రారంభాన్ని కొంచెం జరిపితే మూడు, రెండు, రెండు అనే మిశ్రచాపు చేతి దెబ్బలే అవి. న్యూట్రాన్ యంత్రాల ఇంజనీర్లు మిశ్రచాపును కనుగొన్నారని దీని అర్థం కాదు. సమంగా పంచాలన్న కోరిక ఎక్కడ ఉన్నా అంకెలు అవే వస్తాయి.

సీక్వెన్సర్ ఉన్న యంత్రాల్లో అభిరుచి గలవారి లోకాన్ని అన్నిటికంటే ఎక్కువగా మలిచినది, తయారుచేసినవారి దృష్టిలో ఓడిపోయిన యంత్రం కావడం గమనార్హం. జపాన్‌కు చెందిన రోలాండ్ సంస్థ 1981లో టీబీ-303 అనే చిన్న వెండిరంగు పెట్టెను విడుదల చేసింది. తోడు వాయించేవారు లేని గిటార్ వాద్యకారుల ఇంటి సాధనకు బేస్ గిటార్ బదులు పలకాలన్నది దాని ఉద్దేశం. అది బేస్ గిటార్‌లా పలకలేదు. పైగా అందులో స్వరాలను ఒకసారి, వాటి కాలప్రమాణాలను మరొకసారి విడివిడిగా నమోదు చేయవలసి ఉండటంతో, అమర్చుకున్నది ఒకటైతే వినిపించేది మరొకటి అయ్యేది. సుమారు పదివేలు తయారైన తరువాత 1984లో సంస్థ దాన్ని ఆపివేసింది, మిగిలినవి పాత సామాన్ల దుకాణాల్లో చవకగా దొరికేవి. షికాగోలో ఫ్యూచర్ అనే బృందంగా ఏర్పడిన ముగ్గురు యువకులు అటువంటి ఒక పెట్టెను తెచ్చుకుని, దాని స్వరాల వరుస తిరుగుతూ ఉండగానే ఫిల్టర్ నాబ్‌లను తిప్పుతూ పోయారు. అలా కీచుమని, గుటకలు వేస్తున్నట్లుగా సాగిన నాదంతో 1987లో వెలువడిన 'యాసిడ్ ట్రాక్స్' నుంచి యాసిడ్ హౌస్ అనే సంగీత శాఖ మొదలైంది. పెట్టె అనుకున్న పని చేయకపోవడమే దాని అదృష్టమైంది.

ఆ మాటకొస్తే ఆ పెట్టెకు మరో విధమైన పని చెప్పిన మనిషి అంతకు ఐదేళ్ల ముందే ముంబయిలో ఉన్నాడు. హిందీ సినిమా వాద్యబృందాల్లో గిటార్ వాయించే చరణ్‌జిత్ సింగ్ 1982లో టీబీ-303ను, అదే సంస్థ వారి టీఆర్-808 అనే డ్రమ్ యంత్రాన్ని, జూపిటర్-8 అనే కీబోర్డును జతచేసి, డిస్కో దరువు మీద పది రాగాలతో ఒక రికార్డు చేశాడు. భూపాలి, మాల్కౌన్స్, యమన్ వంటివి అందులో ఉన్నాయి. కర్ణాటక సంగీతంలో వీటికి దగ్గరివైన మోహన, హిందోళ, కల్యాణి రాగాలతో పరిచయమున్న తెలుగు శ్రోతకు ఆ వరుసలు పరాయిగా అనిపించవు. 303లో ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారే ఏర్పాటు ఒకటి ఉంది, ఆ జారుడే రాగాన్ని మెట్లు మెట్లుగా కాకుండా కొంతైనా రాగంలా వినిపింపజేసింది. రికార్డు అప్పట్లో అమ్ముడుపోలేదు. 2010లో అది పునర్ముద్రణ పొందినప్పుడు ఐరోపా శ్రోతలు దాన్ని షికాగో కంటే ముందు పుట్టిన యాసిడ్ హౌస్ అని ఆశ్చర్యపోయారు. ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే ఒకే పెట్టె నుంచి రెండు ఖండాల వారు ఒకే నాదాన్ని రాబట్టారన్నది దీని సారాంశం. ఒక కొత్త శాఖకు ఆద్యుడన్న బిరుదు ఆయనకు తగిలించడం కంటే, రాగ లక్షణం తెలిసిన చెవి ఆ జారుడు మీటలో ఏమి చూసిందన్నదే ఎక్కువ విలువైన ప్రశ్న.

1980ల తొలినాళ్ల దాకా ఒక సంస్థ యంత్రం మరో సంస్థ యంత్రంతో సులువుగా మాట్లాడేది కాదు. ఈ గోడను కూల్చినది మిడి అనే ఒప్పందం. కాలిఫోర్నియాలో సీక్వెన్షియల్ సర్క్యూట్స్ సంస్థను నడిపిన డేవ్ స్మిత్, రోలాండ్ వ్యవస్థాపకుడు ఇకుతారో కకెహాషి ముందుండి నడపగా, 1983 జనవరిలో కాలిఫోర్నియాలో జరిగిన వాద్య పరికరాల ప్రదర్శనలో రెండు పోటీ సంస్థల కీబోర్డులను ఒక తీగతో కలిపి, ఒకదాని మీట నొక్కితే మరొకటి పలికేటట్లు చూపించారు. ఈ తీగలో శబ్దం ప్రయాణించదు. 'అరవయ్యవ నంబరు స్వరం, వంద బలంతో మొదలుపెట్టు', 'అరవయ్యవ నంబరు ఆపు' వంటి ఆదేశాలు మాత్రమే అంకెల రూపంలో సెకనుకు 31,250 బిట్ల వేగంతో వెళ్తాయి. ఒక స్వరం మొదలుపెట్టే ఆదేశానికి దాదాపు వెయ్యో వంతు సెకను పడుతుంది. ఈ ఒప్పందాన్ని వాడుకున్నందుకు ఎవరూ ఎవరికీ రుసుము చెల్లించనక్కరలేకపోవడంతో అది ఒకటి రెండేళ్లలోనే లోకమంతా పాకింది, నలభై ఏళ్లు దాటినా ఇంకా అదే నడుస్తోంది. దక్షిణాది సినిమా పాటల్లో 'ప్రోగ్రామింగ్' అనే మాట స్థిరపడింది ఈ మిడి కాలంలోనే. 1992లో 'రోజా'తో స్వరకర్తగా పరిచయం కావడానికి ముందు ఏ.ఆర్. రహమాన్ తెలుగులో రాజ్–కోటి ద్వయం దగ్గర కీబోర్డు, ప్రోగ్రామింగ్ పనులు చేశాడు.

శబ్దాన్ని పుట్టించే భాగం, ఆదేశాన్ని పుట్టించే భాగం విడిపోవడంతో కంట్రోలర్ అనే మూడో జాతి పుట్టింది. కంట్రోలర్ తానుగా పలకదు. దాని మీటలు, పలకలు, నాబ్‌లు, జారుడు మీటలు అన్నీ కంప్యూటరుకో మరో సింథసైజర్‌కో ఆదేశాలు పంపుతాయి. 2009లో వచ్చిన నొవేషన్ లాంచ్‌ప్యాడ్ వంటి వాటిలో మీటలే ఉండవు, చదరంగం పలకలా అరవై నాలుగు వెలిగే గళ్లుంటాయి, ఒక్కో గడిని నొక్కితే ముందుగా అమర్చిన ఒక్కో తునక మొదలవుతుంది లేదా ఆగుతుంది. ఇక్కడ తెలుగు ఇళ్లకు సంబంధించిన ఒక మాట. చర్చి గాయకబృందాల్లోనూ పెళ్లి ఆర్కెస్ట్రాల్లోనూ కనిపించే కీబోర్డులు చాలావరకు, దరువులు సిద్ధంగా ఉంచి ఎడమచేతి స్వరాలకు తగినట్లు తోడు వాయించే రకానికి చెందినవి. వాటిలో నాదాన్ని మలుచుకునే వీలు తక్కువ. అయినా వాటి వెనుక మిడి రంధ్రమో యూఎస్‌బీ రంధ్రమో ఉంటే, అవి ఒక్క తీగతో మంచి కంట్రోలర్లుగా మారతాయి. ఉన్న కీబోర్డును పక్కన పెట్టి కొత్తది కొనేవారు ముందు దాని వెనుకవైపు ఒకసారి తిప్పి చూడటం మేలు.

మిడికి ఒక పెద్ద లోపం ఉంది, దాన్ని కర్ణాటక సంగీతం ఎరిగినవారు మొదటి రోజే పట్టుకుంటారు. సున్నా నుంచి 127 దాకా స్వరాలకు నంబర్లు ఇచ్చిన ఈ పద్ధతిలో స్వరమంటే మెట్టు. ఒక మెట్టు మీద నిలబడాలి, లేదా మరో మెట్టు మీదికి దూకాలి. తోడిలో గాంధారం మెట్టు మీద నిలబడే స్వరం కాదు, అటూ ఇటూ ఊగుతూ ఉండటమే దాని స్వరూపం, ఆ ఊపును తీసివేస్తే గాంధారం మిగిలినా తోడి మిగలదు. ఈ అవసరాన్ని పియానో మీటలకు అలవాటుపడినవారు పిచ్‌బెండ్ అనే చిన్న చక్రంతో సరిపెట్టారు. అందులో 16,384 స్థాయిలు ఉండటం వల్ల సూక్ష్మతకు లోటు లేదు గానీ, చక్రం తిప్పితే ఆ క్షణాన మోగుతున్న స్వరాలన్నీ కలిసి జరుగుతాయి, పైగా కుడిచేయి మీటల మీద, ఎడమచేయి చక్రం మీద పెట్టి గమకం పలికించడం అలవాటు కావడానికి ఏళ్లు పడుతుంది. 2018లో ఆమోదం పొందిన ఎంపీఈ అనే పొడిగింపు ఒక్కో వేలికి ఒక్కో దారి కేటాయించి, ఒక వేలు ఊగితే ఆ స్వరం ఒక్కటే ఊగేటట్లు చేస్తుంది. మీటలకు బదులు మెత్తని రబ్బరు తలమున్న కంట్రోలర్లు ఈ పద్ధతిలో వచ్చాయి, వాటి మీద వేలు జార్చడం వీణ మెట్ల మీద తీగ లాగడానికి కొంత దగ్గరగా ఉంటుంది. కొంతే. తీగకు బిగువు ఉంటుంది, లాగేకొద్దీ ఎదురుతిరుగుతుంది, ఆ ఎదురును బట్టే చేయి స్వరస్థానాన్ని గుర్తుపెట్టుకుంటుంది. రబ్బరు తలం ఎక్కడైనా ఒకేలా ఉంటుంది.

1980ల చివరికి ఓల్టేజి యంత్రాలు పాతబడ్డాయని అందరూ అనుకున్నారు. యమహా 1983లో విడుదల చేసిన డీఎక్స్7 వంటి అంకెల యంత్రాలు చవకగా, శ్రుతి తప్పకుండా, బరువు తక్కువగా వచ్చాయి. అయితే 1990ల మధ్యలో జర్మనీకి చెందిన డీటర్ డోప్ఫర్ పాత మూగ్ ఆలోచనను చిన్న కొలతల్లో తిరిగి తెచ్చాడు. యూరోర్యాక్ అనే ఈ పద్ధతిలో ఒక్కో భాగం 128.5 మిల్లీమీటర్ల ఎత్తున్న విడి పలకగా వస్తుంది, కొన్నవారు తమకు నచ్చిన డోలకాన్ని, నచ్చిన వడపోతను, నచ్చిన సీక్వెన్సర్‌ను ఒక చట్రంలో బిగించుకుని, ఫోన్లకు తగిలించే ఇయర్‌ఫోన్ పిన్ను పరిమాణంలోనే ఉండే తీగలతో కలుపుకుంటారు. ఆ కలపడాన్నే ప్యాచ్ అంటారు. కొలతలూ ఓల్టేజీలూ బహిరంగంగా ఉండటంతో, గ్యారేజీలో ఇద్దరు ముగ్గురు కలిసి నడిపే చిన్న సంస్థలు పుట్టుకొచ్చాయి. ప్యారిస్‌లో ఎమిలీ జిల్లే నడిపిన మ్యూటబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ తన పలకల సర్క్యూట్లనూ ప్రోగ్రాములనూ ఎవరైనా చూసి వాడుకునేటట్లు బయటపెట్టింది. 2022లో ఆ సంస్థ మూతపడినా దాని రూపకల్పనలు ఇతరుల చేతుల్లో ఇంకా తయారవుతున్నాయి. 2017లో ఆండ్రూ బెల్ట్ విడుదల చేసిన వీసీవీ ర్యాక్ అనే ఉచిత ప్రోగ్రాము ఈ చట్రం మొత్తాన్నీ కంప్యూటరు తెరమీద చూపిస్తుంది, తీగలను మౌస్‌తో లాగి కలపవచ్చు. యూరోర్యాక్ ఖరీదైన వ్యవహారం కాబట్టి, పర్సు తీసే ముందు కొన్ని నెలలు ఈ తెరమీది చట్రంతో గడపడం తెలివైన పని. అసలు కొనవలసిన అవసరమే లేదని అక్కడే తేలిపోవచ్చు కూడా.

చేతికి అందే ధరల్లో కూడా దారులున్నాయి. జపాన్‌లోని కోర్గ్ సంస్థ 2013లో తెచ్చిన వోల్కా వరుస యంత్రాలు బ్యాటరీలతో నడిచే పుస్తకమంత పెట్టెలు. ఒక్కో దానిలో ఒక చిన్న సింథసైజర్, ఒక పదహారు గళ్ల సీక్వెన్సర్ కలిసి ఉంటాయి, రెండు పెట్టెల మధ్య సాధారణ ఆడియో తీగ ఒకటి వేస్తే రెండూ ఒకే తాళంలో నడుస్తాయి. స్వీడన్‌లోని టీనేజ్ ఇంజనీరింగ్ 2015లో తెచ్చిన పాకెట్ ఆపరేటర్లకు పైకప్పు కూడా ఉండదు, క్యాలిక్యులేటర్ లోపలి పలకను బయటికి తీసినట్లు కనిపిస్తాయి. ఇంకా కింది మెట్టున 555 టైమర్ ఉంది. 1972లో మార్కెట్లోకి వచ్చిన ఈ చిన్న చిప్పును పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివినవారందరూ ప్రయోగశాలలో ఒకసారైనా వెలిగి ఆరే దీపానికి వాడి ఉంటారు. దాన్ని కొంచెం వేగంగా ఊగిస్తే దీపం బదులు స్పీకరు పలుకుతుంది. అమెరికన్ రచయిత ఫారెస్ట్ మిమ్స్ 1980లో తన సర్క్యూట్ల పుస్తకంలో చూపించినట్లు, ఒక 555ను డోలకంగా, మరొకదాన్ని ఆ డోలనాలను కత్తిరించే కాలమాపకంగా పెట్టి, రెండు నాబ్‌లు, ఒక తొమ్మిది ఓల్టుల బ్యాటరీ, ఒక చిన్న స్పీకరు తగిలిస్తే, నాబ్ తిప్పుతుండగా మెట్లు మెట్లుగా ఎగబాకే స్వరాలు పుడతాయి. పాత వీడియో ఆటల మోతలా ఉంటుందని తరువాతివారు దీనికి అటారీ పంక్ కన్సోల్ అనే ముద్దుపేరు పెట్టారు. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో ఈ భాగాలన్నీ ఒకే దుకాణంలో దొరుకుతాయి, సాల్డరింగ్ కడ్డీ పట్టుకోవడం వచ్చినవారికి ఇది ఒక సాయంకాలపు పని. దాని నాదం మధురంగా ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఈ అభిరుచికి రెండు సహజ వ్యాధులున్నాయి. మొదటిది సామాను మోజు. యంత్రాలు చిన్నవి, అందమైనవి, ఒక్కొక్కటి ఒక్కో కొత్త నాదాన్ని ఆశ చూపిస్తుంది, దాంతో పాట రానప్పుడల్లా లోపం యంత్రంలో ఉందనుకుని మరొకటి తెప్పించుకోవడం అలవాటవుతుంది. బల్ల నిండుతుంది, వాయించే సమయం ఆ తీగలను సర్దుకోవడానికే పోతుంది. చరణ్‌జిత్ సింగ్ బల్ల మీద ఉన్నవి మూడు యంత్రాలన్న సంగతి ఇక్కడ గుర్తు చేసుకోవచ్చు. రెండో వ్యాధి ఇంతకంటే లోతైనది, అది సీక్వెన్సర్ స్వభావంలోనే ఉంది. పదహారు గళ్ల వరుస బాగా కుదిరినప్పుడు అది తిరిగినకొద్దీ వినాలనిపిస్తుంది, వినేకొద్దీ దాన్ని మార్చడానికి చేయి రాదు, గంట గడిచాక చూసుకుంటే పాట లేదు, ఆ రెండు సెకన్ల చుట్టు మాత్రమే ఉంది. పల్లవి దగ్గరే ఆగిపోయి చరణం దాకా వెళ్లలేని ఈ స్థితి నుంచి బయటపడటానికి అనుభవం ఉన్నవారు పాటించే ఉపాయాలు మోటుగానే ఉంటాయి: వరుసలన్నీ మోగుతుండగా మొదలుపెట్టి, ఒక్కొక్కదాన్ని ఆపుతూ ఎక్కడ ఖాళీ బాగుంటుందో వెతకడం, స్వరాలను ముట్టుకోకుండా ఫిల్టర్ నాబ్‌ను మాత్రమే నాలుగు నిమిషాలపాటు అతి నెమ్మదిగా తెరవడం, ఒక వరుస పొడవును పదహారు నుంచి పదిహేనుకు తగ్గించి, అది దారి తప్పి మళ్లీ ఇల్లు చేరేదాకా వదిలేయడం.

ఓల్టేజి యంత్రాల వారికి దీనికి తోడు మరో నిర్బంధం ఉంది. కంప్యూటరులో చేసినదాన్ని భద్రపరిచి, మర్నాడు మళ్లీ తెరవవచ్చు. కానీ యూరోర్యాక్ చట్రంలో ఇరవై ముప్పై తీగలతో, అరవై డెబ్బై నాబ్‌ల స్థానాలతో తయారైన ప్యాచ్‌ను భద్రపరిచే మీట లేదు. ఫోటో తీసి పెట్టుకుంటే తీగలు ఎక్కడెక్కడ ఉన్నాయో తెలుస్తుంది గానీ, ఒక నాబ్ వెంట్రుకవాసి జరిగినా నాదం మారుతుంది, గది వేడెక్కితే డోలకం శ్రుతి కొంచెం కదులుతుంది. అందుకే ఈ పద్ధతిలో పనిచేసేవారు చాలామంది ఒక చిన్న రికార్డరును పక్కన పెట్టుకుని, ప్యాచ్ పలుకుతున్నంతసేపు పది నిమిషాలో ఇరవై నిమిషాలో ఆపకుండా ఎక్కించుకుంటారు. ఆ తరువాత తీగలన్నీ ఒక్కొక్కటిగా పీకి, చట్రం పక్కనున్న కొక్కేనికి వేలాడదీస్తారు.